ఎనిమిది లేని కాగితం

అత్తాకోడళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉండటానికి లోకంలో కారణాలకి కొదవలేదు. ఆ మూడు గదుల ఇంట్లో మాత్రం ఆ వారం దానికి కారణం ఆరు బై ఎనిమిది.

“ఇది తప్పత్తయ్యా,” అంది కోడలు, జవాబు మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి.

“ఎందుకు తప్పు?”

“అరకి పావు కలిపితే ఎంత?”

“ముప్పావు.” అత్త రెప్ప కూడా వేయలేదు.

“మరి ఇక్కడ ఆరు బై ఎనిమిది అని రాశారేం?”

“ముప్పావంటే ఆరు గీతలే కదమ్మాయ్. టేపు మీద అంగుళానికి ఎనిమిది గీతలు. అందులో ఆరు తీసుకుంటే ముప్పావు. కింద మొత్తం, పైన మనం తీసుకున్నది అని నువ్వే కదా చెప్పావు?”

“చెప్పాను. కానీ కుదించాలి. పైనా కిందా రెండుతో కొట్టేస్తే మూడు బై నాలుగు. అదీ జవాబు.”

“కొట్టేస్తే గుడ్డేమన్నా పెరుగుతుందా?”

“పెరగదు.”

“తరుగుతుందా?”

“తరగదత్తయ్యా!”

“మరి కొట్టేయడం దేనికి?”

కోడలు కళ్ళు మూసుకుంది. పదకొండేళ్ళుగా ఐదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతోంది. పగలంతా నలభైముగ్గురితో అరిచి ఇంటికొస్తే, ఇక్కడ నలభైనాలుగో పిల్ల యాభై మూడేళ్ళ వయసుతో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని ఉంది.

“దేనికంటే, అది పద్ధతి,” అంది.

పక్క గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్న మొగుడు దగ్గాడు.

“ఏంటండీ?”

“ఏం లేదు, గొంతులో ఏదో అడ్డం పడింది,” అన్నాడు. అతను కొడుకూ, మొగుడూ రెండూ అయిన పాపానికి ఆ వారమంతా అంతకు మించి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

అత్త రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో కటింగ్ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళ నుంచి నిలబడుతోంది. అక్కడికిప్పుడు కొత్త మిషన్ వచ్చింది. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, కొలతలు బోర్డు మీద నొక్కితే అదే కోసేస్తుంది. కొలతలేమో గీతల్లో కాదు, భిన్నాల్లో నొక్కాలి. అందుకని మేనేజరు గోడకి నోటీసు అంటించాడు. శుక్రవారం కటింగ్ వాళ్ళందరికీ పరీక్ష. భిన్నాల మీద పది లెక్కలు. ఎనిమిది ఒప్పయితే మిషన్ దగ్గరికి, లేకపోతే దారాల బల్లకి.

దారాల బల్లంటే, కుట్టడం అయిపోయిన చొక్కాలకి వేలాడే పోగులు కత్తిరించే చోటు. మోచెయ్యంత కత్తెరతో పాతిక పొరలు ఒక్క ఊపున కోసిన మనిషి చేతికి వేలెడు కత్తెర ఇచ్చి స్టూలు మీద కూర్చోబెడతారు. అది గుర్తొస్తే చాలు, అత్తకి ముద్ద దిగడం లేదు. “నేను కోసిన చొక్కాకి నేనే దారాలు పీక్కోవాలా?” అని కంచం ముందు నుంచి రెండుసార్లు లేచిపోయింది. అది చూడలేకే కోడలు పాఠం చెప్పడానికి ఒప్పుకుంది. ఒప్పుకున్న మొదటి సాయంత్రమే, ఎందుకు ఒప్పుకున్నానురా భగవంతుడా అనుకుంది.

చిత్రమేమిటంటే, నోటితో అడిగితే అత్తకి రానిది లేదు. “ముప్పావులోంచి అరపావు తీస్తే?” అని అడగడం పాపం, “అరా అరపావు,” అనేస్తుంది. అరపావంటే పావులో సగం. అంటే ఐదు బై ఎనిమిదన్నమాట. బడిలో క్లాసు ఫస్టు వచ్చే పిల్లకి కూడా ఆ జవాబు రావడానికి అరపేజీ పడుతుంది. కానీ పరీక్ష నోటితో కాదు. కాగితం మీద పెట్టేసరికి అత్త ముందు అన్నిటినీ గీతలు చేసేస్తుంది. అరని నాలుగు బై ఎనిమిది చేస్తుంది, పావుని రెండు బై ఎనిమిది చేస్తుంది, కలుపుతుంది, వచ్చినదాన్ని అలాగే వదిలేసి పెన్సిలు కింద పెడుతుంది.

“అన్నిటికీ ఎనిమిదేంటత్తయ్యా? క.సా.గు. కట్టమన్నానా?”

“టేపు మీద ఉన్నది ఎనిమిదే. నీ క.సా.గు. టేపు మీదుందా, చూపించు.”

గోడకి చెప్పినా ఈపాటికి బీటలన్నా వారేది అనుకుంది కోడలు.

మర్నాడు బడి వదిలాక కోడలు కార్ఖానా మీదుగా వచ్చింది. అత్తని తోడు తీసుకెళ్ళి, దారిలో కూడా రెండు లెక్కలు నూరిపోద్దామని ఆశ. గేటు లోపలికి బయటివాళ్ళని రానివ్వరు. పక్కసందులో కటింగ్ గది కిటికీ ఉంది. దాని ఊచల దగ్గర నిలబడింది.

లోపల గది పొడుగునా ఒకటే బల్ల. దాని మీద నీలం గుడ్డ పరిచి ఉంది. ఇటు ఐదుగురు, అటు నలుగురు సుద్దముక్కలు పట్టుకుని వంగి ఉన్నారు. తల దగ్గర అత్త. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు. చేతిలో చీటీ ఉంది గానీ దాన్ని చూడటం లేదు. అరచేత్తో గుడ్డ మీద ముడత తోసేసి, “పద్నాలుగున్నర మీద మూడు గీతలు,” అంది. తొమ్మిది సుద్దముక్కలూ ఒక్కసారి కదిలాయి. “అందులో సగం మడతకి.” మళ్ళీ కదిలాయి. సగం ఎంతని ఎవరూ అడగలేదు. ఒకామె సుద్ద కాస్త పక్కకి పోయింది. అత్త తలెత్తకుండానే, “నీది గీత ఎక్కువైంది, చంక పట్టేస్తుంది,” అంది. ఆవిడ చెరిపి మళ్ళీ పెట్టుకుంది. చివరన కొత్తగా చేరిన నలుగురు ఏం చేయాలో తెలియక గుడ్డ చివర్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు చదువుకున్న పిల్లలు. మిషన్ కోసమని తీసుకున్నారట.

కోడలు ఊచలు పట్టుకుని చాలాసేపు చూసింది. ఈ మనిషికి పరీక్షా? పెట్టేవాడికి బుద్ధుండక్కర్లేదా? ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మేనేజరు మీద చూపించే వీల్లేదు కాబట్టి, ఆ సాయంత్రం అత్త మీదే చూపించింది.

గురువారం. ఇక మిగిలింది ఒక్క పూట. కోడలు ఓ నిర్ణయానికి వచ్చింది. ఈవిడకి కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు. రానిదల్లా కుదించడం. కాబట్టి కూర్చోబెట్టి అదొక్కటే రుద్దాలి. ఏరి ఏరి, జవాబు కుదించవలసినవే పది లెక్కలు రాసిచ్చింది.

అత్త అద్దాలు పెట్టుకుని, పెన్సిలు నాలుకకి తాకించి మొదలుపెట్టింది. ఆవిడ ఎనిమిది రాసే తీరు వేరు. ఒక సున్నా చుట్టి దాని కింద ఇంకో సున్నా చుడుతుంది. పావుగంటలో పదీ చేసి పుస్తకం తిప్పింది. నాలుగు బై ఎనిమిది. ఆరు బై ఎనిమిది. రెండు బై ఎనిమిది. పేజీ నిండా సున్నా మీద సున్నా.

కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది.

“అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. రేపు దిద్దేవాడు మీ టేపు చూడడు, మీ ఇరవై రెండేళ్ళు చూడడు. వాడి దగ్గర జవాబుల కాగితం ఒకటుంటుంది. దాంట్లో ఉన్నట్టుంటే ఒప్పు, లేకపోతే తప్పు. అంతే!”

“అరవకమ్మాయ్, నాకు వినపడుతుంది.”

“వినపడితే చెయ్యరేం? పైనున్నదాన్ని సగం చెయ్యండి, కిందున్నదాన్ని సగం చెయ్యండి. కింద ఎనిమిది నాకు కనపడకూడదు! ఒక్క ఎనిమిది కూడా కనపడకూడదు!”

బట్టలు మడతపెట్టే గదిలోంచి దగ్గు కూడా రాలేదు.

అత్త రబ్బరు తీసుకుని పది జవాబులూ చెరిపింది. పొట్టు ఊదేసింది. ఒక్కొక్క అంకె కిందా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ సగం చేసుకుంటూ వెళ్ళింది. మూడు బై నాలుగు. రెండు బై నాలుగు. అక్కడ ఆగి, కోడలి మొహంలోకి చూసి, దాన్ని మళ్ళీ సగం చేసి ఒకటి బై రెండు అని రాసింది.

“ఇప్పుడు?”

“ఇప్పుడు పదికి పది,” అంది కోడలు, నీరసంగా. పరీక్షలో మాత్రం మళ్ళీ ఆ గీతలే రాసి వస్తుందని ఆమెకి గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ చెయ్యి మూడు సాయంత్రాల్లో మారుతుందా?

శుక్రవారం అత్త పరీక్ష రాసి వచ్చింది. ఎలా రాశారంటే, “నువ్వు చెప్పినట్టే,” అంది. ఆ మాట కోడలు నమ్మలేదు.

శనివారం పొద్దున హెడ్మాస్టరు పిలిచి చేతిలో ఓ కవరు పెట్టాడు. బడి యూనిఫారాలు కుట్టేది ఆ కార్ఖానాయే. మేనేజరు ఆయనకి తెలిసినవాడు. భిన్నాలంటే మేనేజరుకీ కాస్త భయమేనట. “మీ లెక్కల టీచరమ్మ చేత దిద్దించి పెట్టండి సార్,” అని బతిమాలాడట.

కోడలు కవరు వైపు చూసింది. మా అత్తగారు కూడా రాశారండీ అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే కవరు ఇంకెవరికో వెళుతుంది. ఆ ఇంకెవరో ఆరు బై ఎనిమిదిని చూస్తారు, జవాబుల కాగితంలో మూడు బై నాలుగుని చూస్తారు, ఇంటూ కొట్టేస్తారు. తను మూడు రోజులుగా కొట్టినట్టే. మాట మింగేసి కవరు తీసుకుంది.

కవర్లో జవాబుల కాగితం, దాని కింద పద్నాలుగు పరీక్ష కాగితాలు. పేర్లు లేవు, నంబర్లే. మొదటిది తీసింది. ఆరు బై ఎనిమిది, సున్నా మీద సున్నా. ఇదే అత్తయ్యది అనుకుంది. రెండోది తీసింది. మళ్ళీ సున్నా మీద సున్నా. మూడోదీ అంతే. తొమ్మిది కాగితాలు ఒకే తీరుగా ఉన్నాయి. అప్పటికి అర్థమైంది. కటింగ్ బల్ల దగ్గర చీటీ రాయడం ఎవరికి ఎవరు నేర్పారు మరి? అంకె చుట్టడంతో సహా అత్తే నేర్పింది. ఆ తొమ్మిదింట్లో అత్తది ఏదో కనిపెట్టడం ఆ దేవుడి తరం కూడా కాదు.

జవాబుల కాగితం ప్రకారం దిద్దితే తొమ్మిదిమందీ దారాల బల్లకే. కోడలు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత జవాబుల కాగితాన్ని బోర్లించి, ఒక్కొక్క లెక్కా తనే చేసుకుంటూ, ఒక్కొక్క ఆరు బై ఎనిమిది ముందూ ఆగి, ఒప్పు కొట్టడం మొదలుపెట్టింది. ఐదు బై ఎనిమిదికి ఒప్పు. నాలుగు బై ఎనిమిదికి కూడా ఒప్పే. తొమ్మిది కాగితాలు దిద్దడానికి రెండు పీరియడ్లు పట్టింది.

మిగిలినవి ఐదు. నాలుగు ఆ చదువుకున్న పిల్లలవి. చక్కగా కుదించి ఉన్నాయి. ఐదోది పదకొండో నంబరు. కుదించింది గానీ, ఎవరో మరీ అతి తెలివి మనిషిలా ఉంది. ఐదు బై ఎనిమిది రావలసిన చోట, పైన రెండున్నర, కింద నాలుగు. భిన్నం నెత్తిన ఇంకో భిన్నం. మూడు బై ఎనిమిది ఉండాల్సిన చోట ఒకటిన్నర బై నాలుగు. ఏడు బై ఎనిమిది బదులు మూడున్నర బై నాలుగు. ఆ వారంలో కోడలికి మొదటిసారి నవ్వొచ్చింది. పక్క టేబులు సైన్సు టీచరుకి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. చకచకా మూడు ఇంటూలు కొట్టి, పైన ఏడు అని వేసి, సంతకం పెట్టేసింది.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. కాగితాలు తిరగేసి మొహం చిట్లించాడు.

“ఇదేంటి మేడమ్? మా దాంట్లో మూడు బై నాలుగని ఉంది. మీరు ఆరు బై ఎనిమిదికి ఒప్పు కొట్టారు.”

“మీ దగ్గర టేపుందా?”

జేబులోంచి తీశాడు.

“ముప్పావంగుళం చూపించండి.”

బొటనవేలు గోరు ఆనించి చూపించాడు.

“అక్కడికి ఎన్ని గీతలు?”

లెక్కపెట్టాడు. “ఆరు.”

“అంగుళం మొత్తానికి?”

“ఎనిమిది.” మేనేజరు తల గోక్కున్నాడు.

“మిషన్లో ఆరు బై ఎనిమిది నొక్కితే ఏమంటుంది?”

“ఏమంటుంది, కోస్తుంది.”

“కోసే మిషన్‌కి లేని అభ్యంతరం మీకూ నాకూ ఎందుకండీ? విలువ ఒకటే అయినప్పుడు రాసిన తీరు చూసి మనిషిని పక్కన పెట్టేస్తారా?”

పదకొండేళ్ళలో తను అంత బాగా పాఠం చెప్పినట్టు ఆమెకి గుర్తులేదు. మేనేజరు కాగితాలు కవర్లో పెట్టుకున్నాడు.

“సరే మేడమ్. మీ సంతకం ఉంది కాబట్టి పైవాళ్ళకి చెప్పుకోగలను. ఊరికే అడుగుతున్నాననుకోండి, మావాళ్ళల్లో మీ బంధువులెవరూ లేరుగా?”

“లేరు,” అంది కోడలు.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని తనకే తెలియదు. అయినా ఏమంత బాధ అనిపించలేదు. ఇంటికి వెళ్ళేదారిలో కూనిరాగం కూడా తీసింది. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. సోమవారం అత్తే వచ్చి చెప్పాలి. ఆ మొహం చూడాలి.

సోమవారం సాయంత్రం అత్త గుమ్మంలో చెప్పులు విడిచి, నేరుగా వచ్చి బల్ల మీద కాగితం పెట్టింది. పదకొండో నంబరు.

“నీ సంతకమే కదా ఇది?” అంది.

కోడలు కాగితం వైపు చూసింది. పైన ఏడు. దాని పక్కన తన సంతకం. కింద రెండున్నర బై నాలుగు మీద తన ఇంటూ. పేజీ మొత్తం మీద ఒక్క ఎనిమిది కూడా లేదు.

“ఇది… మీదా?”

“పద్నాలుగుమందిలో నేనొక్కదాన్నే తప్పాను. మిగతావాళ్ళంతా రేపటి నుంచి మిషన్ దగ్గరికి. నేను దారాల బల్లకి.”

“మీరు గీతల్లో రాశారనుకున్నానత్తయ్యా. గీతల్లో రాసిన వాళ్ళందరికీ ఒప్పు కొట్టాను. మీ కోసమే కొట్టాను!”

“గీతల్లో ఎందుకు రాస్తాను? కింద ఎనిమిది కనపడకూడదన్నావు. కనపడకుండా చేశాను.” అత్త వేలు ఐదు బై ఎనిమిది ఉండాల్సిన చోట ఆనింది. “ఐదులో సగం రెండున్నర. ఎనిమిదిలో సగం నాలుగు. ఇందులో తప్పేముందో పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. నాకు దొరకలేదు. నువ్వు చెప్పు.”

కోడలు నోరు తెరిచింది. పైన పూర్ణసంఖ్య ఉండాలి, అది పద్ధతి అనబోయింది. కానీ శనివారం తను మేనేజరుతో అన్న మాటలు అడ్డొచ్చాయి. నాలుగు పావుల్లో రెండున్నర పావులు. టేపు మీద సరిగ్గా ఐదో గీత. మిషన్లో నొక్కినా అక్కడే కోస్తుంది.

“తప్పేం లేదు,” అంది.

“అదే నేను గీతల్లో రాసుంటే?”

“పదికి పది వచ్చేవి.”

మొగుడు ఇస్త్రీ చొక్కా చేత్తో పట్టుకుని గది గుమ్మంలో నిలబడిపోయాడు.

కోడలు లేచి చెప్పుల కోసం వెళ్ళింది. “ఇప్పుడే వెళ్ళి చెప్తాను. దిద్దడంలో పొరపాటు నాదని చెప్తాను. మా అత్తగారని కూడా చెప్తాను.”

“కూర్చో.”

“కాదత్తయ్యా…”

“కూర్చోమన్నానా? బంధువులెవరూ లేరన్నావట. మేనేజరు అందరి ముందూ చెప్పాడు, బయటి మనిషి దిద్దింది, ఎవరూ గొణగడానికి వీల్లేదని. ఇప్పుడు నువ్వెళ్ళి ఆవిడ మా అత్త అన్నావనుకో, నీ సంతకం ఎవడు నమ్ముతాడు? కాగితాలన్నీ మళ్ళీ దిద్దిస్తారు, వాళ్ళ జవాబులు పెట్టుకుని. నాకు ఒక్క మార్కు కోసం వెళితే, ఆ తొమ్మిదిమందీ వచ్చి నా పక్కన స్టూళ్ళేసుకుంటారు.” అత్త మంచం పట్టె మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంది. “మూడు నెలలకి మళ్ళీ పరీక్ష పెడతారట. అప్పుడు చూద్దాం.”

కోడలు ఒక చెప్పు కాలికుండగానే గోడకి ఆనుకుంది. మూడు నెలలు. కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషి, ఇప్పుడు అదేదో రెండు రోజుల జ్వరం అన్నట్టు మాట్లాడుతోంది. తిట్టినా బాగుండు అనిపించింది.

“ఒక్క మాట అడుగుతాను,” అంది అత్త. “అది ఒప్పని తెలిసే ఇంటూ కొట్టావా, తెలియక కొట్టావా?”

తెలియక అంటే సరిపోయేది. అత్త ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది, అలా అంటే వదిలేసేలా కూడా ఉంది. కానీ అది నిజం కాదు.

“చూడలేదత్తయ్యా,” అంది కోడలు. “ఆ తొమ్మిదింట్లో మీదుందని ఒక్కో అంకె దగ్గరా ఆగి చూశాను. ఇది చూడలేదు. పక్కావిడకి చూపించి నవ్వాను కూడా.”

అత్త చేతులు కాళ్ళ మీద ఆగిపోయాయి. తర్వాత లేచి, బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. లోపలి గదిలోకి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

“రేపు నన్ను అరగంట ముందు లేపు. దారాల బల్ల దగ్గర కిటికీ పక్క స్టూలు ముందొచ్చిన వాళ్ళకేనట. వెలుతురు లేకపోతే నా కళ్ళకి దారం ఆనదు.”